జాతకాలు కలిశాయి, మరి రక్తం?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకదానికే జవాబు వ్రాస్తున్నాను. మిగతావి పై వారం. ఉత్తరం వ్రాసిన సోదరి తన పేరూ, ఊరూ వేయవద్దన్నారు. వేయడం లేదు. కాని ఆవిడ అడిగిన సంగతి పెళ్ళీడు పిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించినది కనుక ఉత్తరంలోని ముఖ్యభాగం ఇక్కడ ఇస్తున్నాను.

"మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగంలో చేరేటప్పుడు చేసిన పరీక్షలో రక్తం తక్కువగా ఉందన్నారు. ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగినా పెరగలేదు. డాక్టరుగారు ఇంకొక పరీక్ష చేయించి 'తలసీమియా మైనర్' అని వ్రాసి ఇచ్చారు. ఇది జబ్బు కాదు, మందు అక్కరలేదు అన్నారు. ఇంతలో మంచి సంబంధం వచ్చింది. జాతకాలు కలిశాయి. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. వచ్చే నెలలో తాంబూలాలు. ఈ కాగితం సంగతి బయటపెడితే సంబంధం తప్పిపోతుందని మావారి భయం. దాచిపెడితే పాపమని నా బాధ. మా అత్తగారేమో, 'మీ పుట్టింటివి తరతరాల మేనరికాలు, అందుకే ఈ రక్తదోషం' అంటున్నారు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు ఆ కాగితం మీది మాటకు అర్థం చూద్దాం. మన రక్తానికి ఎరుపు రంగునిచ్చే పదార్థం హిమోగ్లోబిన్. దానిని తయారుచేసే విధానం తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి మనకు సంక్రమిస్తుంది. రెండు ప్రతులలో ఒకటి చెడినా రెండవది పని నడిపిస్తుంది. అలాంటివారినే 'మైనర్' అనీ, వాహకులనీ అంటారు. రక్తం ఒక పిసరు తక్కువగా కనిపిస్తుందేమో కాని, ఆ మనిషి అందరిలాగే చదువుతుంది, ఉద్యోగం చేస్తుంది, పిల్లలను కంటుంది, ముసలిదవుతుంది. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఇలాంటివారున్నారని అంచనా. మీ వీధిలోనూ ఉండే ఉంటారు. వారికే తెలియదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇద్దరు వాహకులు భార్యాభర్తలైనప్పుడు. అష్టాచెమ్మా ఆడే ఇళ్ళలో ఇది తేలికగా బోధపడుతుంది. ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు రెండు తీసుకుని వేయండి. రెండూ నల్లగా పడడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఒకటి తెలుపు, ఒకటి నలుపు పడడానికి నాలుగింట రెండు వంతులు. రెండూ తెల్లగా పడడానికి మళ్ళీ నాలుగింట ఒక వంతు. రెండూ తెల్లగా పడ్డాయా, అదే 'తలసీమియా మేజర్'. పిక్కలకు జ్ఞాపకశక్తి లేదు. మొదటి బిడ్డ జబ్బుతో పుట్టాడు కనుక తరువాతి ముగ్గురూ క్షేమమనీ, మొదటి ఇద్దరూ బాగున్నారు కనుక మూడవవాడికీ భయం లేదనీ అనుకోవడం పొరపాటు. ప్రతి కానుపుకూ పిక్కలు కొత్తగా పడతాయి.

పిక్కలలో ఒకటి రెండు వైపులా నల్లదైతే? అంటే భార్యాభర్తలలో ఒకరు వాహకులు కాకపోతే? ఎన్నిసార్లు వేసినా రెండు తెలుపులు పడవు. ఇదే అసలు సంగతి. మీ అమ్మాయి రక్తం ఒక్కదానినీ చూసి ఎవరూ ఏమీ నిర్ణయించలేరు. చూడవలసింది జంటను.

మేజర్ అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఆ బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. సాధారణంగా రెండేళ్ళు నిండకుండానే పాలిపోతుంది, ఎదుగుదల ఆగుతుంది. ఇక అప్పటినుంచి రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలోనూ, కాలేయంలోనూ పేరుకుంటుంది కనుక, దానిని బయటకు పంపడానికి వేరే మందు వాడాలి. ఇది జీవితాంతం. ఎముకల మూలుగ మార్పిడితో నయం చేయవచ్చు గాని, సరిపడే దాత దొరకాలి. తోడబుట్టిన వారిలో కూడా ఒక్కొక్కరికీ సరిపడే అవకాశం నాలుగింట ఒక వంతే. పైగా చాలా ఖర్చు. ఇలాంటి పిల్లలు మన దేశంలో ఏటా పదివేల మందికి పైగా పుడుతున్నారని అంచనా వేస్తున్నారు. ఆ తల్లిదండ్రులలో చాలామందికి, బిడ్డకు జబ్బని తేలిననాడే తాము వాహకులమని తెలుస్తోంది.

ఇక మీ అత్తగారి మాట. మేనరికం వల్ల ఈ గుణం కొత్తగా పుట్టదు. ఎప్పుడో ఏ పూర్వులలోనో వచ్చినది చేతులు మారుతూ వస్తుంది, అంతే. మీ అమ్మాయికి అది మీ నుంచి వచ్చిందా, మీవారి నుంచి వచ్చిందా అన్నది మీ ఇద్దరికీ పరీక్ష చేస్తేగాని తెలియదు. మీవారి నుంచి వచ్చిందని తేలితే, అది మీ అత్తగారి నుంచో, మామగారి నుంచో వచ్చిందన్నమాటే! ఈ సంగతి ఆవిడకు మెల్లగా, నవ్వుతూ చెప్పండి.

అయితే మేనరికాల మాట పూర్తిగా కొట్టిపారవేయవలసింది కాదు. 1955 నాటి హిందూ వివాహచట్టం దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. కనుక మన ఇళ్ళలో మేనమామ, మేనబావ సంబంధాలు చట్టం కళ్ళకు తప్పు కావు. కాని లెక్క లెక్కే. మేనబావ మరదళ్ళకు వారసత్వపు గుణాలలో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. ఒకే చెడిన ప్రతి ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. ఏ దంపతులకైనా పుట్టే పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టులోపం ఉంటే, మేనబావను చేసుకున్నవారిలో అది సుమారు రెట్టింపు. రెట్టింపు అంటే భయం వేస్తుంది. నూటికి తొంభై నాలుగు తొంభై అయిదు మంది పిల్లలు బాగానే పుడతారన్నది కూడా అదే లెక్క.

"మేం మేనరికం చేసుకోలేదు, బయటి సంబంధమే" అని నిశ్చింతగా ఉండేవారికీ ఒక మాట. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్, అమెరికాలో హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్, వారి సహచరులు దక్షిణాసియాలోని 263 కులాలు, తెగల జన్యువులను పరిశీలించి 2017లో ఒక వ్యాసం ప్రకటించారు. వాటిలో 81 సమూహాలు ఎన్నో తరాల కిందట కొద్దిమంది పూర్వులతో మొదలై, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చినవని తేలింది. కొన్నింటి జనాభా ఇవాళ పది లక్షలు దాటింది. అయినా లోపల రక్తం దగ్గరిదే. గోత్రం వేరు, ఊరు వేరు, ముక్కూ మొహం తెలియని సంబంధం. కాని ఎక్కడో పాతిక ముప్ఫై తరాల వెనుక తాతలు ఒక్కరే కావచ్చు.

దీనికి మన దగ్గరి ఉదాహరణ వైశ్యులలో ఉంది. కొందరు వైశ్యులకు ఆపరేషను సమయంలో కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే, నిమిషాలలో తేరుకోవలసినవారు గంటల తరబడి తేరుకోరు. ఆ మందును విరిచే పదార్థం వారి రక్తంలో ఉండదు. కృత్రిమశ్వాసతో కాపాడాలి. ఆ మందు తగలనంతకాలం వారు సంపూర్ణ ఆరోగ్యవంతులు. ఆపరేషనుకు ముందు "మా ఇంట్లో ఫలానావారికి ఇలా జరిగింది" అని మత్తు డాక్టరుకు ఒక్క మాట చెబితే చాలు, మరో మందు వాడతారు. చూశారా, ఇక్కడ తెలుసుకోవడం వల్ల ఎవరి పరువూ పోలేదు, ఎవరి పెళ్ళీ ఆగలేదు, ఒక ప్రాణం నిలిచింది. ఇదే తెలివిడి పెళ్ళిచూపుల దగ్గరకు వచ్చేసరికి మచ్చ అయిపోతుంది. ఎందుకని?

దీనికి జవాబు ఇతర దేశాల అనుభవంలో దొరుకుతుంది. గ్రీసులో ఒర్ఖోమెనోస్ అనే ఊరుంది. అక్కడ సికిల్ సెల్ అనే మరో రక్తవ్యాధికి వాహకులు చాలా ఎక్కువ. దాదాపు నలుగురైదుగురిలో ఒకరు. 1960 దశకంలో డాక్టర్లు ఊరందరికీ పరీక్షలు చేసి, ఎవరు వాహకులో చెప్పి, వాహకులు వాహకులను చేసుకోవద్దని బోధించి వెళ్ళారు. అక్కడివీ పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళే. కొన్నేళ్ళ తరువాత వచ్చి చూస్తే, వాహకులు తమ సంగతి దాచిపెడుతున్నారు. వాహకులు కానివారి తల్లిదండ్రులు వాహకుల ఇళ్ళకు సంబంధానికి వెళ్ళడం లేదు. అంటే, ఎవరితో పెళ్ళి ఏ మాత్రం ప్రమాదం కాదో వారే వాహకులను వెలివేశారు! మచ్చ మిగిలింది గాని ప్రయోజనం కనిపించలేదు.

సైప్రస్ ద్వీపంలో కథ వేరు. అక్కడ సుమారు ఏడుగురిలో ఒకరు తలసీమియా వాహకులు. ఇలాగే సాగితే పిల్లలకు ఎక్కించే రక్తానికీ, మందులకూ దేశం చాలదని 1970 దశకంలో లెక్క తేలింది. 1983 నుంచి అక్కడి చర్చి, పెళ్ళికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకున్నట్టు పత్రం తెమ్మంది. ఆ పత్రంలో ఫలితం ఉండదు. "వీరు పరీక్ష చేయించుకున్నారు, తగిన సలహా పొందారు" అని మాత్రమే ఉంటుంది. ఫలితం ఆ ఇద్దరికే తెలుసు. అమ్మాయి ఒక్కతే కాదు, అబ్బాయీ వెళ్ళాలి. గొప్పవారూ బీదవారూ అందరూ వెళ్ళాలి. అందరూ వెళ్ళేచోట ఎవరికీ తలవంపు లేదు కదా. ఇంకొక విశేషం: ఇద్దరూ వాహకులని తేలిన జంటలలో చాలామంది పెళ్ళి మానుకోలేదు. పెళ్ళి చేసుకుని, గర్భంలోనే పరీక్ష చేయించుకునే దారి పట్టారు. కొద్ది ఏళ్ళలోనే జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు.

న్యూయార్కు నగరంలో బ్రూక్లిన్ అనే భాగంలో సంప్రదాయపు యూదుల పద్ధతి మరొకటి. వారిలో టే-శాక్స్ అనే జబ్బుకు వాహకులు సుమారు ముప్ఫైమందికి ఒకరు. జబ్బుతో పుట్టిన బిడ్డ నాలుగైదేళ్ళకు మించి బ్రతకడం అరుదు. యోసెఫ్ ఎక్‌స్టీన్ అనే మతగురువు ఈ జబ్బుకు తన బిడ్డలను నలుగురిని పోగొట్టుకున్నారు. ఆయన 1983లో 'దోర్ యెషోరిమ్' అనే సంస్థను నెలకొల్పారు. పెళ్ళీడు పిల్లలకు పరీక్ష చేసి, పేరుకు బదులు ఒక అంకె ఇస్తారు. సంబంధం మాటలు మొదలవగానే రెండు అంకెలూ చెప్పి ఫోను చేస్తే, ఈ జంటకు ఇబ్బంది లేదనో, ఉందనో చెబుతారు. ఫలానావారు వాహకులన్న మాట సాధారణంగా ఎవరి చెవినా పడదు. మనిషికి తన సంగతి తనకే తెలియనివ్వకపోవడం ఏం న్యాయమని దీనిని విమర్శించినవారూ ఉన్నారు. ఆ విమర్శలో నిజం ఉంది. కాని మనలాగే పెద్దలు పెళ్ళిళ్ళు కుదిర్చే సంఘంలో ఏ పిల్లకూ పేరు చెడకుండా జరిగిన ఏర్పాటు ఇది.

మూడుచోట్లా చేసింది రక్తపరీక్షే. తేడా వచ్చింది మనుషులు చేసుకున్న ఏర్పాటులో. పరీక్ష ఎవరికి? ఎప్పుడు? ఫలితం ఎవరి చేతికి? ఈ మూడు ప్రశ్నలకు సంఘం ఇచ్చే జవాబును బట్టి అదే కాగితం ఒకచోట మందయింది, ఒకచోట మచ్చయింది.

మన దగ్గర ఇప్పుడేం జరుగుతోంది? 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ వ్యాధిని 2047 నాటికి లేకుండా చేయాలని ఒక పెద్ద పథకం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాలలో నలభై ఏళ్ళలోపు వారు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. మన ఆదిలాబాదు, పాడేరు ప్రాంతాల గిరిజనులలోనూ ఈ జబ్బు ఉంది. పరీక్ష అయినవారికి కార్డు ఇస్తున్నారు. మంచిదే. కాని ఆ కార్డు పెళ్ళిపెద్దల చేతికి వెళ్ళి, "ఈ పిల్ల వద్దు" అనడానికి పనికివస్తే, ఒర్ఖోమెనోస్ కథ మన కొండల్లో మళ్ళీ జరుగుతుంది. కార్డుతోపాటు దాని అర్థాన్ని ఓపికగా చెప్పే మనిషి కూడా గూడేనికి వెళ్ళాలి.

పట్నాలలో మనకు కార్డులు లేవు. ఉన్నది ఒక్కటే అలవాటు: అమ్మాయి గర్భవతి అయ్యాక ఆమెకు పరీక్ష. ఆమె వాహకురాలని తేలితే అప్పుడు భర్తను రమ్మంటారు. "నాకేం జబ్బు? నేనెందుకు?" అని ఆయన పది రోజులు గడుపుతాడు. ఇక్కడ పది రోజులంటే చిన్నమాట కాదు. మూడో నెలలోనే మాయ నుంచి కొద్దిగా తీసి పరీక్షిస్తే శిశువు సంగతి తెలుస్తుంది. ఆలస్యమైనకొద్దీ నిర్ణయం కష్టమవుతుంది, ఆ కష్టం పడే శరీరం భార్యది. 1994 నాటి చట్టం ఇలాంటి జబ్బుల కోసం గర్భస్థ పరీక్షను అనుమతిస్తుంది. ఆడా మగా చెప్పడాన్ని మాత్రం నిషేధిస్తుంది. పిండాన్ని బయట తయారుచేసి, పరీక్షించి గర్భంలో ఉంచే పద్ధతి కూడా ఉంది గాని, దాని ఖర్చు లక్షలలో. చాలా కుటుంబాలకు అందదు. పెళ్ళికి ముందు చేసే రక్తపరీక్షకు పెళ్ళి శుభలేఖల ఖర్చులో ఒక మూల చాలు.

సోదరీ, ఇక మీకు నా సలహా. దాచవద్దు. దాచితే రేపు ఆమె కాపురంలో ఇదే కాగితం ఇంకో విధంగా బయటికి వస్తుంది. అప్పుడు అది రక్తపు మాట కాదు, నమ్మకపు మాట అవుతుంది. అలాగని పదిమంది మధ్య తాంబూలాల వేళ చెప్పవలసిన సంగతీ కాదు. ఈ ఫలితం మీదీ కాదు, మీవారిదీ కాదు, మీ అమ్మాయిది. చెప్పవలసింది ఆమె. వినవలసింది ముందుగా ఆ అబ్బాయి. "నాకు జబ్బు లేదు, ఒక గుణం ఉంది. నీకూ ఉందేమో చూసుకుందాం" అన్న రెండు మాటలు చాలు. ఉద్యోగం చేస్తున్న పిల్ల, ఆ మాత్రం చెప్పగలదు. మీరు ఆమె పక్కన నిలబడితే చాలు.

అబ్బాయి పరీక్షకు ఒప్పుకుని, వాహకుడు కాదని తేలితే ఇక ఆలోచన వద్దు. తలసీమియా భయం లేకుండా పెళ్ళి జరిపించండి. అతనూ వాహకుడైతే, నిర్ణయం ఆ ఇద్దరిది. జన్యువుల సంగతి తెలిసిన డాక్టరు దగ్గరకు ఇద్దరినీ కలిసి వెళ్ళనివ్వండి. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. పరీక్షకే ఒప్పుకోక, మాట వినగానే లేచిపోయే సంబంధమైతే, వాళ్ళ సంగతి తాంబూలాలకు ముందే తెలిసినందుకు సంతోషించండి. మరొక మాట: మీ అమ్మాయి తోడబుట్టినవారిలో ఒక్కొక్కరికీ ఈ గుణం వచ్చే అవకాశం సగం. వారికీ చేయించండి. పరీక్ష పేరు హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫొరెసిస్ అనో, హెచ్.పి.ఎల్.సి. అనో వ్రాస్తారు. ఒంట్లో ఇనుము బాగా తక్కువగా ఉంటే ఫలితం తికమకపెట్టవచ్చు కనుక, ఆ సంగతి డాక్టరుతో చెప్పండి.

ఈ జబ్బు పిల్లలు ఉన్న ఇళ్ళవారు ఇది చదివి, తమ బిడ్డలు పుట్టవలసినవారు కాదని నేను అంటున్నానని బాధపడకూడదు. నేననేది అది కాదు. ఆ పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను తన జాబితాలో చేర్చింది. వారికి కావలసింది వేళకు రక్తం, మందు, మన గౌరవం. పుట్టబోయే బిడ్డకు కష్టం తప్పించాలనుకునే ఇల్లు, పుట్టిన బిడ్డల కోసం ఏడాదికి రెండుసార్లు రక్తం ఇచ్చినా ఎంతో మేలు.

చివరగా, మగపిల్లల తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంతవరకు ఈ పరీక్ష ఆడపిల్లతో మొదలై, ఆడపిల్లతోనే ఆగిపోతోంది. మీరు దీనిని తిరగవేయవచ్చు. మీ అబ్బాయికి సంబంధాలు చూడడం మొదలుపెట్టిన నెలలోనే అతనికి పరీక్ష చేయించండి. అతను వాహకుడు కాకపోతే, తలసీమియా విషయంలో వచ్చే కోడలిని మీరు ఏమీ అడగవలసిన పని లేదు. వాహకుడైతే, ఆ మాట ముందు మీవైపు నుంచే చెప్పండి. అప్పుడు ఏ ఆడపిల్ల తల్లీ ఒక కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచుకుని ఇలాంటి ఉత్తరం వ్రాయవలసిన అవసరం ఉండదు.